వీధిలో పడుగు, పెరట్లో రాకెట్ ట్యాంకు

అగ్నిమాపక శాఖలో స్టేషన్ ఆఫీసర్‌గా తిరుత్తణి నా చివరి పోస్టింగు. రిటైరయ్యే ముందు వచ్చిన ఆడికృత్తిక అది. సిబ్బందిలో సగం మంది కొండమీద గుడి పండగ డ్యూటీలో ఉంటే, నేను నలుగురు ఫైర్‌మన్లతో, ఒక్క బండితో కింద ఉన్నాను. పొద్దున్నే ఫోనొచ్చింది. పక్కనున్న నేతపల్లెలో ఒకరి పెరట్లో ఆకాశం నుంచి నల్లటి గుండు పడిందట.

రాకెట్ తన పని ముగించాక దాని చివరి అంచె పైనే తిరుగుతూ ఉండిపోతుంది. కొద్దికొద్దిగా దిగి, ఎప్పటికో గాలి పొరల్లోకి వచ్చి, ఆ వేగానికి కాలిపోతుంది. అంతా కాలదు. గ్యాస్‌ను అదిమి నింపే ట్యాంకులను గట్టి లోహంతో చేసి పైన కార్బన్ దారం చుడతారు కనుక, కొన్ని నేలదాకా వస్తాయి. లోపల గ్యాస్ మిగిలితే పేలవచ్చు. విషపు ఇంధనం పైన అంటి ఉంటే మనిషిని పడేయడానికి దాని ఆవిరే చాలు. ఎక్కడ పడేదీ ముందుగా కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. శిక్షణలో మాకు దీని గురించి ఒక్క పూట చెప్పారు, అదీ అన్నీ సముద్రంలోనే పడతాయన్నట్టు.

మేం వెళ్లేసరికి ఇంటావిడ సరోజమ్మ ఆ గుండు పక్కనే కూర్చుని దారం కొస వెతుకుతోంది. చుట్టిన దారం కనిపిస్తే నేతవాళ్ల చేతులు ఊరుకోవు.

"ఎవురో శానా బాగా చుట్టినారన్నా. కొస యాడుండాదో కనపడలే," అంది, ఆ తమిళ సీమలో నా తెలుగు విని తనూ తెలుగులోనే. వేళ్లు మండుతున్నాయని కూడా అంది. గట్టిగా కేకలేసి ఆమెను లేపాను. బండిలోని నీళ్లతో చేతులు బాగా కడిగించాను.

మాకు తెలిసిన నియమం గ్యాస్ లీకుది: గాలి మన వెనకనుంచి వీచాలి. ఆడి నెలలో గాలి పడమటినుంచి వీస్తుంది. అందర్నీ వీధి పడమటి చివరికి పంపి తాడు కట్టించాం. సరోజమ్మ మాత్రం కదల్లేదు. ఇంటి ముందు వీధి పొడవునా ఆమె పడుగు కర్రల మీద సాగదీసి ఉంది. అప్పుడే గంజి పెట్టారు.

"ఇప్పుడు దువ్వకపోతే పోగులన్నీ అతుక్కుంటాయన్నా. ఇంటిల్లపాదీ చేసిన పని మట్టిలో పోతాది. పావు ఈడ పెట్టేసి నేను రాను," అంది. ఆ పక్క వాళ్లు పడుగును పావు అనే అంటారు.

ఆమెను ఈడ్చుకెళ్లే అధికారం నాకుంది. కానీ నా కన్ను కప్పి మళ్లీ వస్తుందని ఆమె మొహంలోనే తెలిసింది. పడుగునే తాడు దాటిద్దామన్నాను. మాస్కులూ గాలి సిలిండర్లూ ఉన్నది మాకే కనుక మోయాల్సిందీ మేమే. సరే అని తాడు అవతలికి వెళ్లింది. కొసలకు ఇద్దరు, నడుమ ముగ్గురం పట్టుకున్నాం.

"బిగువు పోనీవద్దండి! నేలకి తగలనీవద్దు! సీక్రం!" అని అక్కడినుంచే ఆమె మమ్మల్ని హడలెత్తించింది. పై అధికారులు కూడా నన్ను అంతలా అదిలించలేదు.

సరిగ్గా అప్పుడే జిల్లా నుంచి ఒక పెద్ద ఆఫీసరు దిగాడు. టీవీ వాళ్లు రాకముందే గుండును జీపులో వేయమన్నాడు. కుదరదన్నాను. ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా అన్నాడు. తెలుసన్నాను; స్థలం సురక్షితమని నేను చెప్పేదాకా తాడు లోపల మాట నాదేనన్నాను. కావాలంటే ఆ ఆర్డరు కాగితం మీద రాసివ్వమన్నాను. రాయలేదు. నాకు ఒళ్లు మండిపోయింది, అయినా తాడు దగ్గరినుంచి కదల్లేదు.

మధ్యాహ్నం రాకెట్ కేంద్రం నిపుణులు వచ్చి పరీక్షించి, ట్యాంకులో గ్యాస్ ఇంకా అదిమి ఉందన్నారు. దూరం నుంచి మెల్లగా వదిలించాకే బండెక్కించారు. ఆ జీపులో వేసి గతుకుల రోడ్డు మీద తీసుకెళ్లుంటే ఏమయ్యేదో ఆఫీసరు అడగలేదు. నేనే వినిపించాను. అప్పటికి పడుగు దువ్వడం ముగించి సరోజమ్మ చేతులు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లింది.

కొన్నాళ్లకు నాకు మెమో వచ్చింది. జీపు సంగతి అందులో లేదు. ప్రభుత్వ సిబ్బంది చేత ప్రైవేటు వ్యక్తి నూలు ఎందుకు మోయించావని అడిగారు. నూలు మోయకపోతే ఆమె తాడు దాటి లోపలికి వచ్చేది, అప్పుడు ఆమెనే మోయాల్సి వచ్చేదని జవాబు రాశాను.

నేర్చుకున్నది ఇంతే. ప్రమాదం చుట్టూ తాడు కట్టడం సగం పని. లోపల వాళ్లు వదిలి రాలేనిది ఏముందో అడిగి, దాన్ని బయటికి తేవడం మిగతా సగం.