పెద్దోళ్ల తునక

మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా గడప దాటి వచ్చి ఎరగదు. అలాంటి ఇంటి ఇల్లాలు, మా అమ్మ జానకీదేవి, ప్రతి ఆదివారం పొద్దున్నే మేడ్చల్‌లో కోళ్ల దుకాణం ముందు నిలబడేది. చూసినవాళ్లు ఏమనుకోవాలి? కాలనీలో అనుకోవలసినవన్నీ అనుకున్నారు. నాన్న వెంకటేశ్వరరావు మాత్రం పేపరు వెనక దాక్కునేవాడు.

నాన్నకి ఇక్కడి మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో తొంభైల మధ్యలో బాపట్ల నుంచి వచ్చి మేడ్చల్ కొత్త కాలనీలో చేరాం. అమ్మ జీవరసాయన శాస్త్రవేత్త. సిటీలో ల్యాబు. ఆవిడ లోకమంతా ఒకే ఒక్క ప్రొటీన్.

"కణం లోపల సన్నటి తాళ్లుంటాయే సాయీ. కణానికి ఆకారం నిలిపేవి అవే. వాటిని కణం అంచుకి కట్టిపడేసేది వింకులిన్. లాగితే అది ఊడిపోతుందా, ఇంకా గట్టిగా పట్టుకుంటుందా? అదీ నేను తేల్చాల్సింది" అనేది నాతో, పెనం మీద దోసె మాడుతున్నా పట్టించుకోకుండా. ఆ వింకులిన్ దండిగా దొరికేది కోడి కందనకాయలో. కోసిన వెంటనే తీసి మంచులో పెట్టాలి.

అలా దొరికింది మాకు ఎలీషమ్మ. గౌడవెల్లికి మలుపు తిరిగేచోట రేకుల దుకాణం ఆవిడది. శామీర్‌పేట ఫారాల నుంచి కోళ్లు వచ్చేవి. కొడుకు విక్టర్ కోసేవాడు. తూకం, బేరం, తిట్లు ఎలీషమ్మవి.

"కందనకాయలన్నీ నాకే ఇస్తావా?" అని అమ్మ మొదటిసారి అడిగినప్పుడు ఆవిడ పకపకా నవ్వింది.

"అన్నీనా? కోడికి ఒక్కటే ఉంటది గదమ్మా! గది పెద్దోళ్ల తునక. మా ఇంట్ల కోడి వండితే గది ఇంటి పెద్దకే ఏస్తం. మా ఇంటాయన సత్తయ్య ఉన్నన్ని దినాలు ఆయనకు, ఆయన పోయినంక నాకు. గంత ఇష్టమా నీకు?"

"నేను తినను."

"తినవా? మరేం జేస్తవ్?"

ఇంకేముంది! అమ్మ అక్కడే నిలబడి వింకులిన్ పురాణం మొత్తం విప్పింది. వెనక ఉన్నవాళ్లు విసుక్కుంటున్నా ఎలీషమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంతా విన్నది. "అంటే గిండ్ల కట్టేసే తాడున్నదంటవు. సరే, తీస్కపో. సదువు కోసమంటే కాదంటనా?"

ఆ తర్వాత దుకాణంలో ప్రతి ఆదివారం కొట్లాటే. "నా కోడి కందనకాయ ఏది?" అని ఎవరైనా అడిగితే, "మేడం పరీక్షకు వొయ్యింది. గావాలంటే బస్సెక్కి పోయి అడుగు!" అనేది. తన ఇంట్లో కోడి వండినా తన వంతు తునక మా ఐసు డబ్బాలోకే వచ్చేది. అమ్మ అటునుంచి అటే ల్యాబుకి బస్సెక్కేది. ఆ డబ్బా చూసి కండక్టర్లు దావత్ ఎక్కడని ఆటపట్టించేవాళ్లు. నాకేమో ఎలీషమ్మ దోర జామకాయ ఇచ్చి ఇంటికి తరిమేది. చర్చి పాటలు, తడి నేల, గాలికి లేచే ఈకలు. ఎంత బాగుండేవో ఆ ఆదివారాలు!

రెండువేల ఆరులో బర్డ్ ఫ్లూ వచ్చింది. వచ్చింది ఎక్కడో వేరే రాష్ట్రంలో, పడింది మాత్రం ఎలీషమ్మ మీద. కోడిని కొనేవాడు లేడు. ఆ జాగా కోసం సెల్‌ఫోన్ల వ్యాపారి ఒకడు అప్పటికే చుట్టూ తిరుగుతున్నాడు. ఒక ఆదివారం ఆవిడ నమ్మకం కలిగించడానికి కోడి వేపుడు చేసి దుకాణం ముందు పెట్టింది. బాగా ఉడికితే ఏ భయమూ లేదని అమ్మ పక్కన నిలబడి కాలనీవాళ్లకి నచ్చజెబుతోంది. కాలనీ సంఘం సుధాకర్ ముందుకొచ్చాడు.

"మీరు దినరు గద మేడం! మా పిల్లలు దినాలె, మీరు సూడాలె. గంతేనా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ పళ్లెంలోంచి కందనకాయ ముక్క తీసింది. అది నోటిదాకా వెళ్లేలోగా ఎలీషమ్మ చెయ్యి పట్టేసుకుంది.

"వద్దు జానకమ్మా. దుకాణం నాది, పోతే పోతది. నీ నేమం ఎందుకు పోవాలె?" అని ఆ ముక్క లాక్కుని తనే నోట్లో వేసుకుంది. "సూడుండ్రి, నేను దింటున్న!"

అమ్మేవాళ్లు తినరా ఏమిటి అనుకుంటూ జనం వెళ్లిపోయారు. అమ్మ ఆ ఒక్క ముక్క తిని ఉంటే కాలనీలో సగం మంది కోడిని కొనేవాళ్లు. ఆ సంగతి ఎలీషమ్మకి తెలియదా? తెలిసే చెయ్యి పట్టుకుంది.

జనం మళ్లీ కోడి తినడం మొదలుపెట్టేనాటికి అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం వెలిసింది. విక్టర్ ఆటో పట్టాడు. ఎలీషమ్మ పెళ్లిళ్లలో వంటకి వెళ్లేది. అమ్మ ఇంకెక్కడో కందనకాయలు తెచ్చుకుని పని ముగించింది. లాగేకొద్దీ వింకులిన్ ఇంకా గట్టిగా పట్టుకుంటుందని ఆవిడ పరీక్షల్లో కనిపించింది. ఆ మాట చెప్పడానికి గౌడవెల్లిలో ఆవిడ ఇంటికి వెళితే ఎలీషమ్మ సంబరపడిపోయింది. అమ్మే తిరిగొస్తూ దారంతా ఏడ్చింది.

మూడేళ్లకి ఎలీషమ్మ పోయింది. గౌడవెల్లి చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టి, అందరికీ కోడికూరతో భోజనాలు పెట్టారు. విక్టర్ మా కోసం విడిగా పులిహోర చేయించాడు. వరసలో కూర వడ్డిస్తూ మా దగ్గరికి వచ్చేసరికి గిన్నె పక్కకి జరిపాడు.

"విక్టర్, కందనకాయ ఎవరికి వేశావు?" అని అడిగింది అమ్మ.

విక్టర్ నిలబడిపోయాడు. "ఎవలకు ఎయ్యలేదమ్మా. మా ఇంట్ల ఇగ పెద్దోళ్లు ఎవలున్నరు?"

అమ్మ విస్తరాకులో పులిహోరని ఒక పక్కకి జరిపి చోటు చేసింది.

"ఇక్కడ వెయ్యి" అంది.