మామ్మ అడిగిన నీళ్లు

మా తమ్ముడి కారు తలుపు తీస్తే చేపల మేత వాసన ఇంకా గుప్పుమంటోంది. తవుడూ చెక్కా నాని పులిసిన వాసన, దానికి తోడు చెరువుగట్టు బురద కంపు. ఎన్నిసార్లు కడిగించినా పోలేదని వాడు విసుక్కుంటాడు. మామ్మ అస్థికలు పట్టుకుని కొల్లేరంతా తిరిగిన రోజున అంటుకున్న వాసన అది. ముక్కుకి తగిలినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మామ్మంటే మా నాన్నమ్మ. తొంభై దాటేదాకా బతికి, ఒక్కరోజు కూడా మంచాన పడకుండా వెళ్లిపోయింది. ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు. అడిగింది ఒక్కటే. "నన్ను గోదాట్లో కలపకండర్రా. పరిగెత్తే నీళ్లు నాకు పడవు. కొల్లేట్లో కలపండి, తీరిగ్గా ఉంటాను" అనేది.

ఆవిడ పుట్టిల్లు కొల్లేటికోట. ఏలూరు పక్కనున్న మా ఊరికి కాపురానికి తాటిదోనెలో బయల్దేరి, ఒడ్డుకొచ్చాక ఎడ్లబండి ఎక్కిందట. మా చిన్నతనంలో ఏటా ఫాల్గుణమాసంలో పెద్దింట్లమ్మ తిరునాళ్లకి నన్నూ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని మళ్లీ ఆ నీళ్లమీదే పుట్టింటికి వెళ్లేది. తెల్లారగట్లే తలంటి, నాకు కొత్త గౌనూ తమ్ముడికి కొత్త చొక్కా తొడిగి, పాకుండల డబ్బా ఒళ్లో పెట్టుకుని దోనెలో కూర్చునేది. దోనెవాడు గెడ వేస్తుంటే కలువాకులు దోనె అడుక్కి రాసుకుంటూ సరసరమనేవి, నీళ్ల అడుగున జెల్ల చేపలు కదిలితే బురద పొగలా లేచేది, గూడబాతులు బరువుగా లేచి కాస్త దూరం ఎగిరి మళ్లీ కూలబడేవి. ఎటు చూసినా గట్టనేది కనబడేది కాదు. అలా నడిమధ్యకి రాగానే మామ్మ పక్కకి వంగి దోసిలితో నీళ్లు తాగేది. మా ఇంటి కుండలో నీళ్లు అన్నేళ్లు తాగినా తీరని దాహమేదో అక్కడే తీరుతున్నట్టు, కళ్లు మూసుకుని తాగేది. తిరునాళ్లలో కొనిపెట్టే జీళ్లకంటే, తిరుగు ప్రయాణంలో ఆవిడ ఒలిచి పెట్టే పచ్చి తామరగింజలే నాకు ఇష్టంగా ఉండేవి.

వానాకాలం తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండితే, ఆ నీళ్లు ఎగదన్ని మా వీధిలోకి వచ్చేవి. నారుమళ్లు కుళ్లిపోతున్నాయని నాన్న తల పట్టుకుంటే, మామ్మ మాత్రం వీధరుగు మీద పీట వేసుకుని కూర్చుని "మా పుట్టింటోళ్లు వచ్చారర్రా, నాలుగు రోజులుండి పోతారు" అనేది. నాన్నకి మండుకొచ్చేది గానీ ఆవిణ్ణి ఏమనగలడు. మేం తువ్వాలు చెరో కొసా పట్టుకుని పెరట్లోకొచ్చిన ఇంగిలాయి చేపలు పట్టేవాళ్లం. ఆవిడ వాటిని బూడిదలో పొర్లించి, రాతిమీద తోమి, మట్టిదాకలో చింతపండు పులుసు పెట్టి, మర్నాడు పొద్దున్న చద్దన్నంలోకి వేసేది. ఆ ముద్దలో మామ్మ చేతి ఉప్పదనం కూడా ఉండేదనిపిస్తుంది. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో ఎన్నిసార్లు అదే పులుసు పెట్టినా, చెరువు చేపకి ఆ రుచి రాలేదు.

తాతయ్య తొందరగా పోతే, పిల్లల్నీ పొలాన్నీ ఆవిడే లాక్కొచ్చింది. నల్లగొడుగు వేసుకుని గట్టుమీద నిలబడితే ఊడుపులవాళ్లు సైతం పాటలు ఆపి వంచిన నడుం ఎత్తేవాళ్లు కాదు. ఇంత చేసిన మనిషి చివరికి అడిగింది కాసిని నీళ్లు.

నాన్న అప్పటికే లేడు. మామ్మ చిన్నకొడుకు, మా బాబాయి, దానికే అడ్డం తిరిగాడు. "పక్కనే గోదారి పెట్టుకుని ఆ బురదలో కలపడవేంటమ్మా? నలుగురూ నవ్వరా?" అన్నాడు. నేను వినలేదు. సణుక్కుంటూనే మాతో కారెక్కాడు.

మొదట ఒకచోట విశాలంగా, తళతళలాడుతూ నీళ్లు కనబడ్డాయి. దిగాం. బాబాయి అస్థికల ముంత మీద గుడ్డ విప్పుతుండగా మోటారుసైకిలు మీద ఒకతను వచ్చాడు.

"ఏవండీ, అందులో ఏం కలపకండి. రేపు చేపలు పడుతున్నామండి."

"ఇది కొల్లేరు కదండీ?" అన్నాను.

"కొల్లేరేనండి. మా చెరువు కూడానండి."

మర్యాదగానే చెప్పాడు, అదే ఇంకా చిరాకు. "ఇంకాస్సేపు ఆగితే మీ మామ్మ చేపల లారీలో కలకత్తా వెళ్లిపోయేది" అన్నాడు బాబాయి. నాకు నవ్వు రాలేదు.

అక్కణ్ణుంచి గట్టు తర్వాత గట్టు. ప్రతిచోటా నీళ్లే, ప్రతి నీళ్లకీ ఓ కాపలాదారూ, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల మోతా. "ఎవరివీ కాని నీళ్లు ఎక్కడున్నాయండి?" అని అడిగితే జనం నన్ను ఎగాదిగా చూశారు. ఎవర్ని తిట్టాలో కూడా తెలియదు. మా చుట్టాల్లో సగంమంది చెరువులవాళ్లే, పెళ్లిళ్లలో వాళ్ల పక్కన కూర్చునే భోంచేస్తాం.

పొద్దు వాలుతుండగా ఒక కాలవ వంతెన దగ్గర ఆగాం. ఆ కాలవ కొల్లేట్లోకే వెళుతుందన్నారు. పైనంతా గుర్రపుడెక్క, కాలు పెట్టి నడవొచ్చనిపించేంత దట్టంగా ఉంది. నేను వంగి ముంత వంచితే మామ్మ ఆ ఆకులమీద పడింది. నీటికి చేరనే లేదు. తెల్లటి బూడిద ఆ పచ్చటి ఆకులమీద అలాగే నిలిచిపోతే, నాకు ఏడుపు కాదు, పళ్లు కొరికేంత కోపం వచ్చింది.

తమ్ముడు పంట్లాం మడిచి దిగి, వెదురుకర్రతో డెక్కని పక్కకి నెట్టాడు. కంచమంత మేర నల్లటి నీళ్లు కనబడ్డాయి. ముంతలో మిగిలింది అందులో పోశాను, ఆకులమీది బూడిద వాడు చేత్తో నీళ్లు చల్లి కిందికి దించాడు.

పొద్దుణ్ణుంచీ సణుగుతున్న బాబాయి అప్పుడు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "ఇంకాస్త లాగరా," అన్నాడు, "అమ్మకి ఇరుగ్గా ఉంటుంది."

వాడు లాగాడు. కర్ర తీయగానే డెక్క మళ్లీ మూసుకుపోయింది. మా పిల్లలు ఎప్పుడైనా కొల్లేరు చూపించమంటే ఎక్కడికి తీసుకెళ్లను? గట్టు కనబడని నీళ్లు ఎక్కడున్నాయో ఇప్పటికీ నాకు తెలియదు.