మీ ఊర్లో కొత్త అయిందా?

మొన్న ధనుర్మాసంలో కళ్ళు చూపించుకోవడానికి విశాఖపట్నం వెళ్తే, మా చెల్లెలి మనవరాలు నన్నొక అద్దాల దుకాణానికి తీసుకెళ్ళింది. గోడ నిండా వెలిగే బొమ్మలు. రొట్టెల మధ్య పెట్టిన కోడిముక్క, బంగాళాదుంప పుల్లలు, రంగురంగుల గ్లాసులు. తలుపు తోసుకుని అడుగు పెట్టగానే కాగిన నూనె వాసనను దాటుకుని మామిడిపండు వాసన ముక్కుకు కొట్టింది. చెట్లకింకా పూతైనా రాలేదు, పండెక్కడిదని అడిగాను. కౌంటరు దగ్గరున్న గుంట, "మ్యాంగో జ్యూస్ ఏడాది పొడుగునా ఉంటుంది ఆంటీ, సీజన్‌తో పని లేదు" అంది. "ఏ ఊరి కాయ తల్లీ?" అన్నాను. మనవరాలు సిగ్గుతో నా మోచెయ్యి గిల్లింది. కానీ ఆ పిల్ల మంచిది, లోపలికెళ్ళి కనుక్కుని వచ్చి, "ప్యాకెట్లో వస్తుందంట" అని చెప్పింది. నాకు నవ్వొచ్చింది. నా బదులు అక్కడ సుక్రి నిలబడి ఉంటే, ఆ ప్యాకెట్టు తెప్పించి, దాని మీదున్నదంతా చదివించుకుని, ఆ కంపెనీవాడి ఊరేదో తేలేదాకా దుకాణంలోంచి కదిలేది కాదు.

సుక్రి అంటే మీకు తెలియదు కదా, మొదట్నుంచీ చెబుతాను. తొంభైల మొదట్లో డుంబ్రిగుడ సంత వీధిలో మేము భోజన హోటలు పెట్టాం. మాది శృంగవరపుకోట వైపు. అత్తవారింట్లో ఇరవైమందికి వండి వార్చిన చెయ్యి నాది. పన్నెండేళ్ళు వండితే ఒక్కరు బాగుందన్న పాపాన పోలేదు. అదే చేత్తో బయట వండితే కనీసం మళ్ళీ వస్తామనేవాళ్ళుంటారని మా ఆయన్ని పోరి పోరి కొండెక్కించాను. ఆయన ఒకే మాటన్నాడు: "వచ్చే వేసవి దాకా చూద్దాం. నిలబడకపోతే దిగిపోదాం." దిగిపోవడమంటే మళ్ళీ ఆ వంటింట్లోకే. మామూలు రోజుల్లో మాకు వచ్చేది నలుగురు మాస్టార్లు, ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు. హోటలును నిలబెట్టాల్సింది సంత రోజున కొండల మీంచి దిగే జనమే. వాళ్ళు నా చేతి ముద్ద తింటారా, తినరా అన్నదే నాకు ప్రాణసంకటం.

సుక్రి అలా కొండ దిగి వచ్చే మనిషే, మాకు అడ్డాకు విస్తర్లు తెచ్చేది. పొట్టి మనిషి, ముక్కుకు మూడు పుడకలు, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అప్పా అనేదాన్ని, తను నన్ను చెల్లీ అనేది. సంత రోజు పొద్దున్నే అడవి దారిన వచ్చి, మా అరుగు మీద చేరి, వెదురు పుల్లలతో ఆకులు కుడుతూ మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చునేది. చేతులు ఆకుల మీద, కళ్ళు నా పొయ్యి మీద. ఇక ప్రశ్నలు మొదలు. "ఈ ఇంగువ ఏ చెట్టుది? ఆ చెట్టు నువ్వు సూసినావేటి?" చూడలేదంటే, "సూడకుండానే కూరలో ఏసెత్తన్నావా!" అని బుగ్గన చెయ్యి పెట్టుకునేది. ఒకరోజు సముద్రపు చేప పులుసు పెట్టాను. "సముద్రమంతా ఉప్పేనంటారు గదా. మరి అందులో బతికిన సేపకి నువ్వు మల్లీ ఉప్పేసినావేటి?" అంది. నలభై ఏళ్ళు వస్తున్నాయి, ఆ అనుమానం నాకెప్పుడూ రాలేదు. "తినవే తల్లీ, నా బుర్ర తినకు" అని కసిరాను. ఇంతకీ ఆరు నెలల్లో తను నన్ను వెయ్యి ప్రశ్నలు అడిగి ఉంటుంది. నేను తనను అడిగినవి రెండే: ఎన్ని కట్టలు, ఎప్పుడు తెస్తావు.

ఫాల్గుణంలో మా తమ్ముడు శృంగవరపుకోట నుంచి బస్సు మీద గోనెడు మామిడికాయలు పంపించాడు. నా మామిడికాయ పప్పంటే మా వైపు పేరు. కొండ కందిపప్పు, టెంక పట్టున కోసిన ముక్క, మెంతిపొడి, వెల్లుల్లి తాలింపు. ఊళ్ళో ఎవరికంటే ముందు నేనే పెడుతున్నానని పొంగిపోతూ సంత రోజుకు డేగిసా నిండా వండాను. మొదటి వరసలో పన్నెండు మంది కూర్చున్నారు. ఒక పెద్దాయన అన్నం కలపబోయి, ముక్క చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. విస్తరి మెల్లగా మడిచి లేచాడు. పక్కవాడు లేచాడు. వరసంతా లేచింది. నేను వెంటపడ్డాను. "ఉప్పెక్కువైందా? కారమా? మాడు వాసనొచ్చిందా?" "ఏటీ లేదమ్మా, ఆకలి నేదు" అని తలలు దించుకుని పోయారు. ఎండలో ఆరు మైళ్ళు నడిచొచ్చినవాళ్ళకు ఆకలి లేదంట! అరుగు మీద సుక్రి వైపు చూశాను. తను పుల్లలు మూట కట్టుకుని, నన్నొకసారి తేరిపార చూసి వెళ్ళిపోయింది.

తర్వాతి సంతకు ఎవరూ రాలేదు. ఆ పైవారమూ అంతే. మా ఎదురుగానే రోడ్డు పక్కన కూర్చుని సొరకాయ బుర్రల్లోని రాగి అంబలి తాగేవాళ్ళు తప్ప గడప తొక్కేవాళ్ళు లేరు. హోటలు వ్యాపారంలో విస్తరి ముందు నుంచి లేచినవాడు తిరిగి రావడం ఎక్కడా లేదు. మా ఆయన పెద్ద గిన్నెలు తోమి బోర్లించడం మొదలుపెట్టాడు. మూడో సంతకు సుక్రి మిగిలిన విస్తర్లు చూసుకోవడానికి వస్తే విరుచుకుపడ్డాను. "నేను మందు పెట్టానని ఎవడన్నాడో చెప్పు, వాడి సంగతి తేలుస్తాను!"

తను తాపీగా అరుగెక్కి కూర్చుంది. "మూడు సంతలాయి సూత్తన్నాను, ఎప్పుడడుగుతావా అని."

"అడిగానుగా! ఉప్పా, కారమా అని ఒక్కొక్కర్నీ కాళ్ళావేళ్ళా పడి అడిగాను."

"నీ పప్పు సంగతి అడిగినావు. మా సంగతి అడిగినావేటి?"

నేనూ అరుగు మీద కూలబడ్డాను. అప్పుడు చెప్పింది. ఏ పంటైనా, ఏ కాయైనా ఊరంతా కలిసి కొత్త పండుగ చేసుకోనిదే వాళ్ళు ముట్టరు. మామిడికి మామిడి కొత్త. చెట్టు కింద కాయ రాలి ఉన్నా పిల్లలు సైతం నోట పెట్టరు. ఆ పప్పు తిప్పిన గరిటెతో అన్నం వడ్డించినా అంతే. "మరి నాకు చెప్పొచ్చు కదా ఆ పెద్దాయన!" అన్నాను. "నీకు తెలిసే పెట్టినావనుకున్నారు. లెక్క నేక పెట్టినావనుకున్నారు. తెల్దని నాను సెప్పినాను, నమ్మలేదు." నాకు ఏడుపొచ్చేసింది. వచ్చినదాన్ని ఆపుకోలేదు కూడా. తను ఓదార్చే మనిషి కాదు. "ఏడిస్తే గిన్ని తోమినట్టవుద్దేటి? బేగి లెగు" అంది. మామిడి ముట్టిన గిన్నెలు, గరిటెలు అటక మీద పెట్టించింది. కొత్త డేగిసా తెప్పించింది. "గుమ్మంలో నిలబడు. వచ్చినోల్లని, పోయినోల్లని, కొత్త అయిందేటని ముందు అడుగు. తరవాత పెట్టు" అంది.

ఆ పైసంతకు పొద్దున్నుంచీ గుమ్మంలో నిలబడ్డాను. కావిళ్ళతో, తట్టలతో పోయేవాళ్ళందరినీ, "మీ ఊర్లో మామిడి కొత్త అయిందా?" అని అడిగాను. కొందరు నవ్వారు. కొందరు వినబడనట్టు పోయారు. మధ్యాహ్నం కావస్తుండగా, మొదట లేచిపోయిన ఆ పెద్దాయనే దాటిపోతూ ఆగాడు. "ఏటన్నావు?" మళ్ళీ అడిగాను. "అవలేదు. పై బుధారం సేత్తాం" అన్నాడు. "అయితే అప్పటిదాకా మా పొయ్యి మీదకు మామిడి రాదు బాబూ" అన్నాను. కావడి దించి, లోపలికొచ్చి కూర్చున్నాడు. ఆ పూట ఆయన తిన్నది ఉత్త చారన్నం. ఆయన చెయ్యి కడుక్కునేదాకా నేను చారు గిన్నెతో పక్కనే నిలబడ్డాను.

అప్పట్నుంచి మా హోటల్లో అదే కట్టు. చుట్టుపక్కల పల్లెల్లో చివరి ఊరిది కూడా అయ్యాకే మామిడికాయ పప్పు. ఒక్కో ఊరిది ఒక్కో రోజు. అడగ్గా అడగ్గా నాకే ఆరాటం పట్టుకుంది. మీకెందుకు ఆలస్యం అంటే ఒక ఊళ్ళో పూజారికి నలతగా ఉందని, ఇంకో ఊళ్ళో ఒరిస్సా నుంచి చుట్టాలు దిగలేదని చెప్పేవారు. మాస్టార్లు విసుక్కునేవారు. "చైత్రం వచ్చినా మామిడి లేని హోటలు మీదొక్కటేనమ్మా" అంటే, "ఇంకా రెండూళ్ళున్నాయి, ఆగండి" అనేదాన్ని. ఇక ఆ పప్పు వండిన రోజు చూడాలి, ఇసకేస్తే రాలని జనం. మొదటి విస్తరి సుక్రిది. మా హోటల్లో తనకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. మూడుసార్లు వేయించుకుని, ముక్క ముక్కకూ కళ్ళు మూసుకుని, చివర్న టెంక చీకుతూ అరుగెక్కేది.

రెండువేలు దాటాక మా ఎదురుగా నూడిల్స్ బండి వచ్చింది. కుర్రకారంతా అటే. నేను మూతి ముడుచుకుని కూర్చుంటే, సుక్రి తిన్నగా వెళ్ళి ఒక ప్లేటు తిని వచ్చింది. "బానే ఉంది చెల్లీ, జారిపోతన్నాది" అంది. ఊరుకుందా? మళ్ళీ వెళ్ళి బండివాణ్ణి అడిగింది. "బాబూ, ఇది ఏ పంట? దీనికి కొత్త ఎప్పుడు సేత్తారు?" పాపం వాడు పొయ్యి తగ్గించి ఆలోచనలో పడ్డాడు. నేనూ కోపం మర్చిపోయి, మర్నాడు వెళ్ళి తిన్నాను. నిజమే, బాగానే ఉంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఫాల్గుణంలోనే సుక్రికి జ్వరం, కామెర్లు ముదిరాయి. కొడుకు అరకు ఆసుపత్రిలో చేర్చాడు. వెళ్ళి చూస్తే మనిషి సగమైంది. అన్నం చూస్తే మొహం తిప్పేస్తోంది. అడిగింది పెట్టండి, ఏదో ఒకటి లోపలికి వెళ్తే చాలన్నారు డాక్టరు. "ఏం తింటావు అప్పా?" అన్నాను. కళ్ళు తెరవకుండానే, "నీ మామిడి పప్పు" అంది. వాళ్ళ ఊరి కొత్త ఇంకా కాలేదని నాకు తెలుసు. ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, "ప్రాణం మీదికొచ్చిన మనిషి, ఏ దేవుడు తప్పు పడతాడు? వండు" అన్నాడు. వండాను. అరకు బస్సులో ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని కూర్చున్నంతసేపూ, అడగకపోతే బాగుండు, అడగకుండా తినేస్తే బాగుండు అనుకున్నాను.

మూత తియ్యగానే లేచి కూర్చుంది. వాసనకే మొహంలోకి కళొచ్చింది. చెయ్యి చాపి, ఆపి, నన్ను చూసింది. "మా ఊర్లో కొత్త అయిందా?"

అయిందంటే తినేస్తుంది. నా మాట మీద నమ్మి తింటుంది. నాలుగు ముద్దలు తింటే నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుందేమో. అయిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "కాలేదప్పా" అన్నాను.

"మరెందుకు తెచ్చినావు?"

"నువ్వడిగావు కదా!" అని ఏడ్చేశాను.

"జొరంలో నాను సవాలక్ష అడుగుతాను" అని క్యారేజీ నా వైపు తోసింది. మళ్ళీ దగ్గరకు లాక్కుంది. "వాసనకి తప్పు నేదులే" అని తృప్తిగా పీల్చింది. తర్వాత పక్క మంచం మీద కాలు విరిగిన ముసలావిడ ఉంటే, మా కోట వైపు మనిషే, ఆవిడకు పెట్టమంది. ఆవిడ నోట్లో పెట్టుకోగానే మొదలెట్టింది. "ముందేటి తగిలింది? పులుపా, కారమా?" "పులుపే." "అబద్దం. ముందు మెంతి తగలాల." ఆవిడ మళ్ళీ నమిలి, "ఔనమ్మా, మెంతే" అని ఒప్పుకుంది. "ముక్క నలిగిందా, బిరుసుగుందా? టెంక పట్టున ఉందా?" ముద్ద ముద్దకూ అడిగి, చెప్పించుకుని, సుక్రి ఆ పప్పంతా తిన్నది అలాగే. ఐదో రోజున పోయింది.

రెండు వారాలకు వాళ్ళ ఊరి మామిడి కొత్త వచ్చింది. అన్నేళ్ళూ సుక్రి రమ్మని పిలిచేది, నేనే హోటలు వదిలి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆసారి పప్పు వండుకుని కొండెక్కాను. చెట్టు దగ్గర ఊరంతా చేరింది. పూజారి వరసగా ఆకులు పరిచి, కోసిన మామిడి ముక్కలు పెడుతున్నాడు. బతికున్నవాళ్ళకు కాదట. ముందు ఊళ్ళో చనిపోయినవాళ్ళు తినాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు. ఒక్కొక్క ఆకు దగ్గరా ఒక్కొక్క పేరు పిలుస్తున్నాడు. అందరికంటే చివర పోయినవాళ్ళది మొదటి ఆకు. "సుక్రీ, తినమ్మా" అని పిలిచాడు.

సుక్రి కొడుకును పంపి, నేను వండింది ఆ ఆకులో పెట్టొచ్చా అని అడిగించాను. పూజారి నన్ను దగ్గరకు రమ్మన్నాడు. "వండినప్పుడు రుసి సూసినావేటి?"

"లేదు బాబూ. మీ ఊర్లో కొత్త కాలేదు కదా."

పెట్టమన్నాడు. పెట్టి, అలవాటు కొద్దీ, "ఉప్పు సరిపోయిందా అప్పా?" అన్నాను. తర్వాత ఊరంతా మామిడి తిన్నారు. నా పప్పు తిన్న సుక్రి కొడుకు, ఉప్పు బొత్తిగా తక్కువైందని చెప్పాడు.

ఆ ఏడు మొదలుకుని ప్రతి ఏడూ మొదటి మామిడికాయ పప్పు నేను రుచి చూడకుండానే దించుతున్నాను. ఒక ఏడు ఉప్పు చేదవుతుంది, ఒక ఏడు అసలుండదు. ఇంత కాలం వండావు, ఇదేం వంటని మా ఆయన దగ్గర్నుంచి మాస్టార్ల దాకా తిడతారు. తిట్టనీ. ఆ ముద్ద రుచి చూడాల్సింది నేను కాదు.