సాక్షి నడిపిన కారు

తన పెళ్లికి ముందు నుంచీ డ్రైవర్ ఒక శాసనసభ్యుడి కారే నడుపుతున్నాడు. కాపురమూ ఆయన ఇంటి వెనక గదిలోనే. సభ్యుల తప్పులను విచారించే స్వతంత్ర కార్యాలయం, ఆ కారు చేసిన ఒక ప్రమాదం విషయంలో అతణ్ణి సాక్షిగా పిలిచింది. ఆ పిలుపును మాత్రం ఆనవాయితీ ప్రకారం యజమాని ద్వారానే పంపింది. అందులో దురుద్దేశం లేదు, ఆలోచనా లేదు.

"పదరా, నేనూ తోడొస్తా," అని యజమాని నవ్వుతూ కారెక్కాడు.

విచారణాధికారిణి సూటిగా అడిగింది. "సైకిల్ మీద వెళ్తున్న మనిషిని గుద్దినప్పుడు కారు నడిపిందెవరు? భయపడకండి. మా మీద ఎవరి పెత్తనమూ లేదు."

డ్రైవర్ కిటికీలోంచి కిందికి చూశాడు. కారు ముందు సీటులో యజమాని తీరిగ్గా పేపరు చదువుతున్నాడు.

"మీ మీద లేదమ్మా. నేను నిజం చెప్పాక ఆయన్ని ఇంటికి తీసుకెళ్లాల్సింది నేనే కదా?"

కింద హారన్ మోగింది. డ్రైవర్ అలవాటుగా లేచి నిలబడ్డాడు.