కారు సీటు తడవలేదు

వారం రోజులుగా పొద్దున్నే మా వీధిలో పెట్రోలు వాసన వస్తోంది. ఇప్పటి కార్ల వాసన కాదది. సగం కాలి సగం కాలకుండా పొగతో పాటు బయటికొచ్చే పచ్చి వాసన, దాని వెనకే మాడిన ఇంజను ఆయిలూ, ఎండకి కాగిన పాత తోలూ. గుంటూరులో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండే కుర్రాడు ఎక్కడి నుంచో పాతకాలపు స్పోర్ట్స్ కారు తెచ్చుకున్నాడు. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, నేలకి ఆనుకున్నట్టుండే పొట్ట. వీధి వీధంతా వంతులేసుకుని దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతోంది. మా నాన్నకీ అలాంటిదే ఉండేదని అతనికి ఎవరు చెప్పారో గానీ, నిన్న గేటు దగ్గరికొచ్చి, "ఆంటీ, మీ నాన్నగారు అలాంటి కారుని పదేళ్లు మెయింటెయిన్ చేశారంట గదా! గ్రేట్ అండీ. నెలకి ఎంతయ్యేదండీ?" అని అడిగాడు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లోపలికొచ్చేశాను. పాలూ లేవు, పొయ్యీ వెలగలేదు. ఒళ్లు మండింది, అంతే.

చిలకలూరిపేట దాటాక ఒంగోలు రోడ్డు వదిలి లోపలికి పోతే వచ్చే నల్లరేగడి ఊరు మాది. వానపడితే చెప్పులు ఊడదీసి చేత్తో పట్టుకోవాల్సిన నేల, ఎండాకాలం కాలు దిగబడేంత పగుళ్లిచ్చే నేల. అలాంటి ఊరికి, నాకు నాలుగేళ్లప్పుడు, మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీలు లారీకెత్తి గుంటూరు యార్డుకెళ్లిన నాన్న తిరిగొచ్చేటప్పుడు లారీ ఎక్కకుండా ఆకుపచ్చ కారు తోలుకుంటూ వచ్చాడట. ఇల్లు ఖాళీ చేస్తున్న ఎవరో పొగాకు వ్యాపారి చవగ్గా ఇచ్చాడని, ఉత్తినే వచ్చినట్టేనని ఊరంతా చెప్పుకున్నాడు. ఉత్తినే వచ్చినవాటికి ఆకలెక్కువని అప్పటికి ఆయనకి తెలియదు. తెలిశాక కూడా ఒప్పుకోలేదు.

ఏం తినేదని అడిగితే ఎక్కడ మొదలుపెట్టాలి? పెట్రోలు సరే, అది అందరికీ కనిపించేది. కింద బొట్టుబొట్టుగా కారే ఆయిలు కోసం అమ్మ పిండి కలుపుకునే బేసిను పోయింది. టైర్లు మద్రాసు నుంచి రైలు పార్సిల్లో వస్తే, ఆ నెల మాకు కొత్త బట్టలు పోయేవి. మైలు దూరం పోయేసరికి పొగలు కక్కేది కాబట్టి వెనక బిందెడు నీళ్లుండాల్సిందే, ఆ బిందె బోరింగు దగ్గర నింపే పని నాది. బ్యాటరీ, ప్లగ్గులు, బ్రేకుల రబ్బర్లు, ఏడాదికోసారి పాలిష్, రెండేళ్లకోసారి గుడ్డ టాపు. పొట్ట నేలకి తగిలే కారుని బండి బాటల మీద నడిపి, ఇరుక్కున్నప్పుడల్లా ఎడ్లని కట్టి లాగిస్తే ఎడ్ల మెడలు పుండ్లుపడేవి, వాటికి మందు రాసే ఖర్చు ఏ పద్దులో రాయాలో నాకు ఇప్పటికీ తెలీదు.

'తా దూర కంత లేదు, మెడకో డోలు' అంటారు. మా ఇంట్లో చెమ్మ తగలని గది ఒక్కటే, పత్తి పోసుకునే పెంకుటి గది. దాని తలుపు తీయించి, గోడ కొట్టించి, నాన్న కారుని అందులో పెట్టాడు. పత్తి మేం పడుకునే గదిలోకొచ్చింది. చేలో పత్తి తీతలు మొదలైతే చాలు మంచం మట్టానికి పత్తి లేచేది, దాంట్లో దొర్లుతూ నిద్రపోయేవాళ్లం, పొద్దున లేచేసరికి ఒళ్లంతా దురదలు, ముక్కుల నిండా నూగు, తలలో పత్తిగింజలు. పత్తిగింజల వాసనకి చేరిన ఎలుకలు మా పాదాలని వదిలేసి గోడ అవతల కారు వైర్లు కొరికేవి. వాటినొక్కటే నేను తప్పుపట్టను. అరుగు ముందు తొక్కుడుబిళ్ల గీతలు గీస్తే కారు మీద దుమ్ము పడుతుందని నాన్న చెరిపేవాడు. దసరా నాడు కారుకి గంధం, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, మెడలో బంతిపూల దండ, దాని ముందు పగలగొట్టడానికి బూడిద గుమ్మడికాయ. మాకు తిండి పెట్టే నాగలికి ఓ పసుపు బొట్టు. అమ్మ చేసిన బూరెలు కూడా ముందు కారు చూడ్డానికొచ్చిన వాళ్ల ఆకుల్లో పడేవి. ఊళ్లోవాళ్లు అమ్మతో, "పేకాట లేదు, తాగుడు లేదు, ఒక్క కారేగా వదినా!" అనేవాళ్లు. ఆ 'ఒక్క'ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు కొరకాలనిపిస్తుంది.

నిజం చెప్పిన మనిషి ఒక్కడే, మస్తాన్ బాబాయ్. చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లులకి పార్టులు చేసే లేతు మిషను ఆయనది. ఆ కారుకి పార్టులు ఎక్కడా దొరక్క నాన్న ఆయన చేత చేయించేవాడు. లేతు మీద ఇనుము తిరుగుతుంటే నీలంగా చుట్టలు చుట్టుకుంటూ రాలే పొట్టు ఏరుకోవడం కోసమే నేనూ వెంట వెళ్లేదాన్ని. ఒకసారి పని ముగించి చేతులు తుడుచుకుంటూ ఆయన అన్నాడు. "అన్నగారూ, నేను చేసిన పార్టు బానే ఉంటదండీ. దాని బలానికి పక్కనున్న పాత పార్టు విరుగుద్ది. మళ్లీ మీరే వస్తారు. నాకు బానే ఉంది, మీకేం బాగుందండీ?" నాన్న నవ్వి భుజం తట్టాడు. కోతి పుండు బ్రహ్మరాక్షసి కావడమంటే ఏంటో నేను పుస్తకంలో చదవలేదు, ఆ షెడ్డులో చూశాను.

అయినా ఇవేవీ అసలు ఖర్చు కాదు. డబ్బు పోతే మళ్లీ పంట వస్తుందనుకునే రైతు కడుపున పుట్టినదాన్ని నేను.

అమ్మ పెళ్లై వచ్చేటప్పుడు సారెతో పాటు చిన్న గుడ్డమూటలో మిరప విత్తనాలు తెచ్చుకుంది. వాళ్లమ్మ ఇచ్చినవి, వాళ్లమ్మకి వాళ్లత్త ఇచ్చినవి. ఆ రకానికి పేరు లేదు. 'మా వాళ్ల కాయ' అనేది అమ్మ, ఊరూ అలాగే అనేది. రెండో కోత ముందు అమ్మ ఒక్కతే చేలో సాలు వెంట సాలు నడిచేది. తెగులు సోకని చెట్టు, కొమ్మలు గుబురుగా వేసిన చెట్టు, కాయ కిందికి తిన్నగా వేలాడే చెట్టు ఎంచి, పాత చీర అంచు చింపి ముక్క కట్టేది. ఆ గుడ్డ కట్టిన చెట్టు మీద కూలీలెవరూ చెయ్యి వేయకూడదు. ఆ కాయలు తనే కోసి, కల్లంలో ఓ మూల విడిగా ఆరబోసి, కాయ కాయా తిప్పి, గలగలమనేదాకా ఎండాక తొడిమలు తీసి, గింజ దులిపి, బూడిద కలిపి కుండలో పెట్టి మూతికి గుడ్డతో వాసెన కట్టేది. ఆ నాలుగు రోజులూ చేతులు భగభగ మండేవి. మజ్జిగలో ముంచుకుని కూర్చునేది, అన్నం నేను కలిపి పెట్టేదాన్ని.

ఆ రకం పండుకాయల్ని ఉప్పూ చింతపండూ వేసి తొక్కి జాడీకెత్తి, మూడో నాడు మెంతిపిండి కలిపి నూరి, ఇంగువ తాలింపు పెడితే వచ్చే కొరివికారం గురించి చెప్పడం నా వల్ల కాదు. కారం ముందు నాలుక మీద పడదు. ముద్ద మింగాక, ఒక్క క్షణం ఆగి, చెవుల వెనక నుంచి వస్తుంది. వేడి అన్నంలో నెయ్యి వేసుకుని, చెమటలు కక్కుతూ, ఇంకో ముద్ద ఇంకో ముద్ద అంటూ చెయ్యి కడగబుద్ధి కాక కూర్చునేవాళ్లం.

నాకు పదకొండో ఏడు. శివరాత్రి వెళ్లిన పది రోజులకి. ఒంగోలు నుంచి స్నేహితుడొకాయన వస్తే, నాన్న ఆయన్ని కారెక్కించుకుని కల్లం దాకా తీసుకొచ్చాడు. గుడ్డ టాపు చిరిగిందని కుట్టించడానికి పేటకి పంపి వారమైంది, అంటే కారు నెత్తి మీద ఏమీ లేదు. కల్లం దగ్గర ఆగిన కారు మళ్లీ కదల్లేదు. స్నేహితుడు చూసి చూసి నడిచి వెళ్లి బస్సెక్కాడు. మధ్యాహ్నం మూడింటికి తూర్పున మబ్బు పట్టింది.

కల్లంలో మిరపకాయలున్నప్పుడు మబ్బు పట్టడమంటే ఏంటో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. కూలీలు, అమ్మ కాయల్ని కుప్ప చేసి రెండు పెద్ద పట్టాలు కప్పి చుట్టూ రాళ్లు పెడుతున్నారు. ఒక చిన్న పట్టా అప్పటికే విత్తనపు కాయల మీద ఉంది, మబ్బు చూడగానే అమ్మ ముందు కప్పింది వాటినే. నాన్న నేరుగా అటే వెళ్లి రాళ్లు తన్నేసి పట్టా ఎత్తాడు. "అమ్మాయ్, ఆ చివర పట్టుకో! తొరగా!" అన్నాడు.

పట్టుకున్నాను. వచ్చే ఆదివారం ఒంగోలు దాకా ముందు సీట్లో కూర్చోబెడతానని నాన్న అంతకుముందే అన్నాడు, ఆ సీటు తడుస్తుందేమోనని నాకూ బెంగ పుట్టింది. అది విత్తనాల పట్టా అని నాకు తెలుసు. తెలిసే పరిగెత్తాను. కల్లం ఆ చివర నుంచి అమ్మ కేక వినిపించింది. "ఏమండీ, అవి విత్తనాలు! విత్తనాలండీ అవి!" నాన్న వెనక్కి చూడకుండానే, "గుప్పెడు కాయలేగా, సంచిలో పొయ్యి!" అని అరిచాడు. మేం కారు కప్పడం పూర్తయ్యేసరికి వాన దంచేసింది. అమ్మ కాయల మీద బోర్లా పడుకుంది. మనిషి ఒళ్లు ఎంత కప్పుతుంది?

సాయంత్రం ఎడ్లు కట్టి కారుని ఇంటికి లాగి, పొడి గదిలో పెట్టి, బట్టతో తుడిచారు. మూడు రోజులు ముసురు వదల్లేదు. అమ్మ తడిసిన కాయల్ని పత్తి పక్కన మంచం కింద పరిచి, పొయ్యి సెగకి చేటలతో ఆరబెట్టి, నిద్ర లేకుండా తిప్పింది. నాలుగో రోజుకి కాయలు నల్లబడి బూజు పట్టాయి. గింజలు తీసి తడిగుడ్డలో మూటకట్టి పొయ్యి పక్కన పెట్టింది. పన్నెండు రోజులు చూసింది. మూడు మొలిచాయి, అవి నారుమడిలో కుళ్లిపోయాయి. పెద్ద కుప్పంతా నాన్న వేయించిన బజారు రకం, అమ్మ కాయ ఆ ఏడు నాలుగు సాళ్లే, గింజవి కాక మిగిలినవి అప్పటికే కొరివికారానికి తొక్కేశాం, చెట్లకి కాపూ అయిపోయింది. పాత గింజేమన్నా ఉందా అంటే, ఏ ఏటి గింజ ఆ ఏడే వేసేసే అలవాటు మా వాళ్లది, దాచుకుంటే మొలక చచ్చిపోతుందని. పుట్టింటికి వెళ్లి అడిగింది. వాళ్లు అప్పటికి రెండేళ్ల కిందే బజారు విత్తనానికి మారిపోయారట. అమ్మ ఇచ్చిన గింజ వేసుకున్న ఊళ్లోవాళ్లూ అంతే. ఆ కాయ ఉన్నది మా చేలోనేనని, అది పోయాక గానీ మాకు తెలియలేదు.

ఇంటికొచ్చి అమ్మ ఏడుస్తుంటే నాన్న అన్న మాట నేను చెవులారా విన్నాను. "విత్తనాలు పేటలో కొట్లో దొరుకుతయ్యి. ఆ సీటు తోలు యాడ దొరుకుద్దే?" నాన్న చెడ్డవాడు కాదు, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చునేవాడు. కానీ ఆ మాటకి ఆయన్ని నేను క్షమించలేదు, పోయాక కూడా. ఆ పట్టా రెండో చివర పట్టుకున్న పిల్లనీ క్షమించలేదు.

నాకు పద్నాలుగేళ్లప్పుడు నాన్న కారుని హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయనకి అమ్మేశాడు. కల్లం ఉన్న చోట ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ లేచింది. కొరివికారం అమ్మ ఇప్పటికీ పెడుతుంది, కారం నోట్లో పెట్టగానే తగులుతుంది, అక్కడితో సరి. అమ్మ గుంటూరులో నా దగ్గరే ఉంటోంది. ఊళ్లో మూడెకరాలూ మేమే మనుషుల్ని పెట్టి చేయిస్తున్నాం, విత్తనాలకి మాత్రం ఏటా ఇద్దరమూ కలిసి వెళతాం.

ఈ జూనులో కొట్టువాడు రంగురంగుల ప్యాకెట్లు సంచిలో వేస్తూ, "వీటి కాయల్లో గింజ దాచుకోబాకండి మామ్మగారూ, మళ్లీ ఇట్టా రాదు. ఏటికేడు కొనుక్కోవాల్సిందే" అని చెప్పాడు. అమ్మ తలూపింది. బిల్లు రాస్తుంటే ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "ఆ కారు ఎంతకి పోయిందే?" అంది. అన్నేళ్లలో దాని గురించి ఆమె ఒక్కసారీ అడగలేదు.

"పద్దెనిమిది వేలమ్మా."

అమ్మ బిల్లు మీద అంకె చూసింది. "అయితే ఈ సంచీకే చాలదు" అంది. కొట్టువాడు ఏమనుకున్నాడో, నవ్వాడు. నేను డబ్బు కట్టాను. వచ్చే జూనులో మళ్లీ కట్టాలి.