అమ్మ మొహం కడుక్కుని వచ్చేదాకా

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఉండేది. అక్కడ ఉడికిన వడ్లు ఆరబోసి, ఎండలో నడుస్తూ కాళ్లతో తిప్పే ఆడవాళ్లలో మా అమ్మ ఒకతె. సాగర్ కాలువ తవ్వడానికి ఒరిస్సా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లం మేము. మా పేర్లతో ఎవరికీ పని లేదు, అందరం 'ఒరిస్సోళ్లమే'.

ఒకరోజు కొత్త మిషన్‌ను ఫొటో తీయడానికి మిల్లు సేటు సూర్యాపేట నుంచి ఒక ఫొటోల తాతను పిలిపించాడు. పని అయ్యాక రీలులో ఒక్క ఫొటో మిగిలింది. అక్కడే తచ్చాడుతున్న నన్ను చూసి ఏమనుకున్నాడో, మీ అమ్మకు తీస్తానన్నాడు. నేను ఎగిరి గంతేసి అమ్మను లాక్కొచ్చాను. తలనిండా పొట్టు, ఒంటినిండా దుమ్ము. కెమెరా చూడగానే కొంగుతో మొహం కప్పేసుకుంది. ఫొటో అంటూ తీస్తే ఒరిస్సాలో మా ఊళ్లో ఉన్న అమ్మమ్మకు పంపాలి కదా! పెళ్లయి వచ్చాక అమ్మమ్మ తనను మళ్లీ చూడలేదు. కూతురు ఇలా ఉందని తెలిస్తే ఆ ముసలావిడ అన్నం ముట్టదని అమ్మ బాధ.

తాత కెమెరా సంచిలో పెట్టేసి మెట్టు మీద కూర్చున్నాడు. అమ్మ పని ముగించి, ఇంటికెళ్లి మొహం కడుక్కుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొచ్చేదాకా అలాగే కూర్చున్నాడు. సూర్యాపేట బస్సు కూడా వెళ్లిపోయింది. నాకు ఆత్రం ఆగక, "గిట్లనే తీస్తే ఏమైతది తాతా?" అని విసుక్కున్నాను.

"తీసుడు నాకు నిమిషం పని బిడ్డా. గా ఫొటోల మీ అమ్మ ఎన్నేండ్లు ఉంటదో! ఎట్ల కనవడాల్నో ఆమెనే చెప్పాలె," అన్నాడు.

ఆ ఫొటో అందాక అమ్మమ్మ ఇల్లిల్లూ తిరిగి చూపించిందట.

పెద్దయ్యాక నేనూ కెమెరా పట్టుకున్నాను. కూలీల మీద, వలసల మీద డాక్యుమెంటరీలు తీశాను. ఎక్కడ మాట్లాడమన్నా ఈ తాత సంగతి చెప్పి చప్పట్లు కొట్టించుకునేదాన్ని. సిగ్గు లేకపోతే సరి!

కొన్నేళ్ల కిందట కోదాడ దగ్గర ఇటుక బట్టీలో మా అమ్మ వాళ్ల వైపు నుంచి వచ్చిన ఒకామె కనిపించింది. ఒడియాలో పలకరించేసరికి కరిగిపోయింది. కెమెరా ముందు కడుపులో ఉన్నదంతా చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి తేరుకుని, ఏడ్చిన ముక్క మాత్రం వేయొద్దని నా చేతులు పట్టుకుంది. ఇక్కడ బాగున్నానని ఊళ్లో తల్లికి చెప్పుకుందట. సరేనన్నాను.

ఎడిటింగ్‌లో చూస్తే ఆ ముక్క లేకుండా సినిమా చప్పగా ఉంది. ఉంచేశాను. లోకానికి తెలియాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సినిమాకు మంచి పేరొచ్చింది. ఆ ఏడుపు ఫోన్లలో పడి, ఊరూరూ తిరిగి, ఆమె తల్లి దాకా పోయింది.

తెలిసి బట్టీకి పరుగెత్తాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కూర్చోమని పీట వేసి, ఇప్పుడు బాగున్నానని ఎంత చెప్పినా అమ్మ నమ్మడం లేదని, ఫోన్ ఎత్తితే ఏడుపేనని మెల్లగా చెప్పింది. సినిమాలోంచి ఆ ముక్క తీసేశాను. ఆ తల్లి కళ్లలోంచి ఎట్లా తీయను?

ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లినా తీసిందంతా ముందు వాళ్లకే చూపిస్తాను, వద్దన్నది అక్కడే చెరిపేస్తాను. నాతో పనిచేసే పిల్లలు మేడమ్‌కు ఎంత ఓపికో అనుకుంటారు. ఓపికా పాడా! ఇంకో తల్లి ఎక్కడ ఏడుస్తుందోనని భయం.