నేల తాకని బంతి

బళేపేటలో గాజుల అంగడి నడిపే మునివెంకటమ్మకు అరవై ఏడేళ్ళు. ఇన్నేళ్ళలో ఆమె బాల్ బ్యాడ్మింటన్ బ్యాటు ఒక్కసారి కూడా పట్టుకోలేదు. అయినా ఆ ఆట మీద ఏ తగువు వచ్చినా పేటలో అందరూ ఆమె దగ్గరికే వస్తారు.

అంగడి వెనక సందులో, రెండు గోదాముల నడుమ సూర్యోదయ బాల్ క్లబ్బు కోర్టు ఉంది. ఎర్రమట్టి నేల, మధ్యలో వల, వలకు రెండు వైపులా ఐదుగురేసి ఆటగాళ్ళు, ఒక పసుపుపచ్చ ఉన్ని బంతి. బంతిని నేల తాకనివ్వకుండా అవతలికి కొట్టాలి. తాకితే పాయింటు పోయినట్టే. పందొమ్మిదేళ్ళ కొత్తకోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన వారానికి, మేడమీద బట్టలు ఆరేస్తూ ఆమె ఆ కోర్టులోకి తొంగిచూసింది. ఒకాయన వలకు వీపు పెట్టి వెనక్కి పరుగెత్తుతున్నాడు. బంతి ఆయన తల దాటిపోయింది. ఇంక అయిపోయిందనుకునేలోగా ఆయన వంగి, నేలకు జానెడు ఎత్తులో, వెనక్కి చూడకుండానే బంతిని భుజం మీదుగా అవతలికి పంపాడు. మునివెంకటమ్మ చేతిలోని తడిచీర చేతిలోనే ఉండిపోయింది. కింద నుంచి అత్తగారు మూడుసార్లు పిలిస్తే గాని ఆమె కదల్లేదు.

ఆమె భర్త పిల్లప్ప మెత్తని మనిషి. భార్య రోజూ సాయంత్రం పిట్టగోడ దగ్గర నిలబడడం గమనించి, క్లబ్బువాళ్ళతో మాట్లాడి కోర్టు పక్కన ఒక స్టూలు వేయించాడు. "పైనుంచి చూస్తే బంతి ఎత్తు తెలీదు. కింద కూర్చోని చూడు" అన్నాడు. ఆడమనిషి అక్కడ కూర్చోవడం అప్పట్లో వింతే. నాలుగు రోజులు అందరూ చూశారు, ఐదోరోజు మరిచిపోయారు. పిల్లప్ప పోయి పదేళ్ళయింది. ఆమె మాత్రం ఇప్పటికీ ఐదు కొట్టగానే అంగడి కోడలికి అప్పగించి వెళ్ళి ఆ స్టూలు మీదే కూర్చుంటుంది.

కళ్ళకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆమెకు చెవి మీద నమ్మకం ఎక్కువైంది. బంతిని కోసినట్టు కొడితే అది గిరగిరా తిరుగుతూ పోయి, అవతలివాడి బ్యాటుకు అందకుండా జారిపోతుంది. దాన్నే కట్ అంటారు. మామూలు దెబ్బకు ఒక చప్పుడు, కట్‌కు ఒక చప్పుడు. గాజులు సర్దుకుంటూనే, వెనక సందులో ఎవరు ఏ దెబ్బ కొట్టారో ఆమె చెప్పేది.

అలాంటి మనిషి ఉన్న క్లబ్బు తొమ్మిదేళ్ళుగా ఓడిపోతూనే ఉంది. ఒకప్పుడు రాష్ట్రంలో పేరున్న జట్టు అది. పేటలోని పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ ఊరి అంచులకు తరలిపోయారు. కోర్టులో మిగిలినవాళ్ళకు నలభై దాటాయి. కెప్టెన్ ప్రసాద్ మునివెంకటమ్మ తమ్ముడి కొడుకే. మంచి ఆటగాడు, కానీ మోకాళ్ళు సహకరించడం మానేశాయి. ఆఖరికి ఒక టోర్నమెంటుకు ఐదుగురికి బదులు నలుగురే వచ్చారు. పది నిమిషాలు చూసి, ఆట ఆడకుండానే అవతలి జట్టు గెలిచినట్టు ప్రకటించారు. ఓడిపోవడం ఆమెకు అలవాటే. ఓడిపోవడానికి కూడా మనుషులు చాలకపోవడం అదే మొదటిసారి. ఆ రోజు ఆమె ఆటో వద్దని ఇంటిదాకా నడిచే వచ్చింది.

నెల తిరక్కుండా అమరనాథ్ ఆమె అంగడికి వచ్చాడు. ఒకప్పుడు క్లబ్బులో నడిమి స్థానంలో ఆడినవాడు. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు చేస్తాడు. క్లబ్బు బాధ్యత తను తీసుకున్నాననీ, మగవాళ్ళ జట్టును ఆపేస్తున్నాననీ, ఇకమీద సూర్యోదయ క్లబ్బుకు ఆడపిల్లల జట్టు ఉంటుందనీ చెప్పాడు.

ఆ మాటకు అక్కడే ఉన్న ప్రసాద్ లేచి వెళ్ళిపోయాడు. మునివెంకటమ్మ చేతిలోని గాజుల డబ్బా మూత పెట్టి అంది.

"ఆడపిల్లలని కాదప్పా నేననేది. కొత్తవాళ్ళు కదా. బంతి చేతికి అలవాటయ్యేదానికే రెండేండ్లు పోతాది."

"పోతాది పెద్దమ్మా. రెండేండ్లు ఓడిపోతానే ఉంటాం. ఓడిపోయేదాన్ని చూసేదానికి నువ్వు వస్తావా?"

"తొమ్మిదేండ్లుగా నేను వస్తా ఉండేది ఎందుకనుకున్నావు?"

అమరనాథ్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. తన అభిప్రాయం అప్పుడే చెప్పేసింది. జట్టును ముందునుంచి కట్టాలి. వల దగ్గర పొడుగ్గా, గట్టిగా కొట్టే మనిషి ఒకరు దొరికితే మిగిలిన నలుగురు ఎలాగో సర్దుకుంటారు. ఆమె చూసిన గెలుపులన్నీ అట్లాంటి మనుషులు తెచ్చినవే. అమరనాథ్ విని, సరే అనలేదు, కాదనలేదు.

జట్టులో పల్లవి, అర్చన పేట పిల్లలే. కాలేజీలో చదువుతున్నారు. ఇంకో ఇద్దరు చామరాజపేట నుంచి వచ్చారు. ఐదో అమ్మాయి రేణుక. ఆమె తల్లిదండ్రులు వనపర్తి వైపు నుంచి వచ్చి కట్టడాల పనిలో ఉన్నారు. కుందలహళ్ళిలో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో ఆ అమ్మాయి పొద్దున ఆరింటి నుంచి రెండింటిదాకా పనిచేస్తుంది. చిన్నప్పుడు గురుకులం బడిలో బాల్ బ్యాడ్మింటన్ ఆడింది. పని కాగానే మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో దిగి, నడుచుకుంటూ కోర్టుకు వచ్చేది. ఐదడుగుల తొమ్మిదంగుళాల పొడుగు, ఎడమచేతి వాటం. చూడగానే మునివెంకటమ్మకు వల దగ్గర నిలబెట్టాల్సిన మనిషి దొరికిందనిపించింది.

అమరనాథ్ ఆ అమ్మాయిని తీసుకెళ్ళి అన్నిటికంటే వెనక నిలబెట్టాడు.

అంతేకాదు, మూడు నెలలు ఎవరినీ గట్టిగా కొట్టనివ్వలేదు. బంతిని పైకి లేపాలి, అవతలికి పంపాలి, అంతే. ఐదుగురూ ఒక వైపు, పాత ఆటగాళ్ళు ఒక వైపు. వాళ్ళు బాదుతుంటే వీళ్ళు ఎత్తాలి. మునివెంకటమ్మకు అది చూస్తే బేజారు వచ్చేది. "సుమ్మనే, ఊరికే ఎత్తుకుంటా ఉంటే పాయింటు ఎవరిస్తారప్పా మీకు?" అని స్టూలు మీద నుంచే అనేది. మొదటి ఏడాది ఏడు మ్యాచులు ఆడి ఏడూ ఓడిపోయారు. ఆమె ఏడింటికీ వెళ్ళింది.

ఆ ఏడాది చివర్లో ఒక సాయంత్రం రేణుక ఆట కాగానే ఆమె దగ్గరికి వచ్చి మట్టిలోనే కూర్చుంది. అలిసిపోయి ఉంది.

"అమ్మా, నువ్వు కండ్లు మూస్కున్నా చెప్తవంట గదా, ఎవరేం కొట్టిన్రో. నేను కొట్టేది ఎట్ల ఇనొస్తది నీకు?"

మునివెంకటమ్మను అలా అడిగినవాళ్ళు అంతవరకు లేరు. ఆమె ఆలోచించి చెప్పింది.

"నీ కట్ బాగుండాది. అట్లా చప్పుడు నేను శానా ఏండ్లుగా వినలేదు. కానీ బంతి చప్పుడుకు ముందర నాకు నీ కాలి చప్పుడు వస్తాది. కట్ కొట్టే ముందర కుడికాలు నేల మీద ఈడుస్తావు. మామూలుగా కొట్టేటప్పుడు ఈడ్చవు. నాకు వినిపించేది వాళ్ళకు కనిపించదా?"

రేణుక లేచి, ఖాళీ కోర్టులోకి పోయి, బంతి లేకుండా చేయి తిప్పింది. కాలు ఈడ్చింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఈడ్చింది. వెనక్కి తిరిగి, "ఇన్నేండ్ల సంది నాకే ఎరుక లేదు" అంది. ఆ అలవాటు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ మునివెంకటమ్మ కళ్ళు మూసుకుని వింటూ, కాలు నేల రాసినప్పుడల్లా చేయి ఎత్తేది. చివరికి ఒక వారమంతా చేయి ఎత్తే పనే పడలేదు.

రెండో ఏడాది మల్లేశ్వరంలో టోర్నమెంటు. మొదటి రెండు మ్యాచులూ సూర్యోదయ జట్టు గెలిచింది. గెలుపు చూసి ఎంతకాలమైందో, మునివెంకటమ్మ రెండోసారి కూడా పాయింట్ల పలక దగ్గరికి పోయి చూసుకుని వచ్చింది. సెమీఫైనల్లో ఎదురుపడింది మైసూరు జట్టు. ఐదేళ్ళుగా కప్పు వాళ్ళదే. వాళ్ళ ముందువరుసలో ఆడే అమ్మాయి బంతిని బాదితే జనం ఊపిరి బిగబట్టేవారు. ప్రసాద్ కూడా వచ్చాడు. జట్టు తీసేసినప్పటి నుంచి కోర్టు వైపు రానివాడు, ఆ రోజు మాత్రం, "అత్తా, నిన్ను ఒక్కదాన్నే పంపేదెట్ల" అని వంక పెట్టుకుని వచ్చాడు.

తలో గేమూ గెలిచారు. మూడో గేములో ముప్పై నాలుగు దగ్గర సమానమయ్యారు. ముప్పై అయిదు ముందు ఎవరికి వస్తే వాళ్ళదే మ్యాచు. ఇంక ఒక్క పాయింటు.

సర్వీసు మైసూరుది. బంతి వచ్చింది, అర్చన తిప్పికొట్టింది. వాళ్ళు కొట్టారు, వీళ్ళు ఎత్తారు. మైసూరు అమ్మాయి ఎగిరి బాదింది. పల్లవి మోకాళ్ళ మీద పడి లేపింది. మళ్ళీ బాదింది. రేణుక తీసింది. ఎడమ మూలకు బాదింది. రేణుక అక్కడే ఉంది. కుడి మూలకు బాదింది. అక్కడికి ఎప్పుడు వెళ్ళిందో ఎవరూ చూడలేదు, అక్కడా రేణుకే ఉంది. మునివెంకటమ్మ మనసులో దెబ్బలు లెక్కపెడుతూ ఉంది. నలభై దాటాక లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాలనిపించలేదు.

అప్పటిదాకా అరుస్తున్న జనం ఒక్కొక్కరే మాట ఆపేశారు. మైదానంలో బ్యాట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఐదుగురు అమ్మాయిలు ఐదు చోట్ల ఉన్నట్టు లేరు. ఒకరు ముందుకు పోతే ఇంకొకరు ఆమె ఖాళీలోకి వస్తున్నారు. ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. బంతి ఎక్కడ పడాలో అక్కడ ఒక బ్యాటు ముందే ఉంటోంది. మునివెంకటమ్మ కళ్ళు మూసి విందాం అనుకుంది, కానీ మూయలేకపోయింది. ఆమెకు తెలియకుండానే ప్రసాద్ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

మైసూరు వాళ్ళు కొట్టిన ఒక కట్ గిరగిరా తిరుగుతూ వల పక్కనే జారింది. దాన్ని ఎవరూ తీయలేరు. ప్రసాద్ "పాయె" అన్నాడు. రేణుక వెనకనుంచి కోర్టు సగం పరుగెత్తి, నేల మీద పడిపోతూ, బ్యాటు అంచును బంతి కిందికి తోసింది. బంతి మెల్లగా పైకి లేచి, వల మీద ఒక్క క్షణం నిలిచినట్టు నిలిచి, అవతలికి దిగింది. మైసూరు అమ్మాయి దాన్ని చూస్తూ నిలబడలేదు, పాపం, ఎగిరి తన బలమంతా పెట్టి బాదింది. అది తిరిగొచ్చింది. మళ్ళీ బాదింది. అదీ తిరిగొచ్చింది. మూడోసారి ఎగిరినప్పుడు ఆమె చేయి ఒక వెంట్రుకవాసి కిందికి దిగింది. బంతి వలకు తగిలి, వాళ్ళ వైపే నేల మీద పడింది.

మైసూరు వాళ్ళతో సహా అందరూ లేచి నిలబడ్డారు. మునివెంకటమ్మ లేవలేకపోయింది. కూర్చున్నచోటే రెండు చేతులూ జోడించింది. ఎవరికి దండం పెడుతున్నదో ఆమెకే తెలియదు.

మరునాడు ఫైనల్లో హాసన్ జట్టు చేతిలో రెండు గేములూ ఓడిపోయారు. అందులో చెప్పుకునేదేమీ లేదు. అమ్మాయిల కాళ్ళలో శక్తి మిగల్లేదు. రేణుక అయితే నిలబడితే చాలన్నట్టుంది. రెండో స్థానం షీల్డు పట్టుకుని ఐదుగురూ ఫోటో దిగారు, మెట్రోలో నిద్రపోయారు.

సోమవారం అంగడిలో గాజులు కొనడానికి వచ్చినవాళ్ళకల్లా మునివెంకటమ్మ ఆ పాయింటు గురించి చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలోనే ఆగిపోయేది. బంతి వల మీద నిలిచిన చోటికి వచ్చేసరికి మాట దొరికేది కాదు. ప్రసాద్ అక్కడే కూర్చుని వింటున్నాడు. మూడోసారి ఆమె ఆగినప్పుడు అతను నేల చూస్తూ అన్నాడు.

"నేనయితే ఆ బంతిని వదిలేసుంటి అత్తా. మోకాళ్ళు బాగున్న దినాల్లో కూడా వదిలేసుంటి. అది తీసేదానికి అయితాదని నాకు తోచదు."

ఆమె అతని వైపు చూసింది. ఆ సాయంత్రం అతను అడగకుండానే ఆమెతో కోర్టుకు వచ్చి, పాత ఆటగాళ్ళ వైపు నిలబడి అమ్మాయిలకు బంతులు వేశాడు.

ఆట మధ్యలో అమరనాథ్ ఆమె దగ్గరికి వచ్చాడు. వచ్చే ఏడు ఇంకో ఇద్దరు అమ్మాయిలు చేరుతున్నారు, వాళ్ళను ఎక్కడ నిలబెట్టాలో సలహా అడిగాడు. ఎప్పుడూ అడగకముందే చెప్పే మనిషి ఆమె.

"ముందర ఎవర్ని పెడదాం పెద్దమ్మా, నువ్వే చెప్పు."

మునివెంకటమ్మ కోర్టు వైపు చూసింది. అవతల రేణుక చెమట తుడుచుకుని మళ్ళీ వెనక గీత దగ్గరికి నడుస్తోంది.

"స్వల్ప దినాలు నన్ను చూడనీ అప్పా" అంది. "నలభై ఎనిమిదేండ్లుగా చూస్తా ఉండా, ఈ ఆట నాకు తెలుసనుకున్నా. అంతా మళ్ళా మొదటినుంచి చూడాల."